డవ్‌కాట్: లాస్ట్ లాగిన్ టైము డేటాబేస్‌లో పడడం లేదు. ఆరు నెల్లుగా తెరవని ఐడీల లిస్టు కావాల

కొండారెడ్డి_బురుజు
కర్నూల్లో ఒక కాలేజీ మెయిల్ సర్వరు. ఉబుంటు 24.04, డవ్‌కాట్ 2.3.21 (పెట్టెలోని మెయిల్ చూపించేది), పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ పంపేది, తీసుకునేది), మరియాడీబీ డేటాబేస్. ఐడీలు 340. డిస్కు 91 శాతం నిండింది. ఆరు నెల్లుగా ఎవరూ తెరవని ఐడీల లిస్టు ఇయ్యమంటాండారు పైవాళ్లు. లాస్ట్ లాగిన్ ప్లగిన్ పెట్టినా. యూజర్లు, పాస్‌వర్డులు ఉండే మెయిల్‌బాక్స్ టేబుల్లోనే లాస్ట్_లాగిన్ అని డేట్‌టైమ్ కాలమ్ ఒకటి చేర్చినా. లాగిన్లు అవుతాండాయి, మెయిళ్లు వస్తాండాయి, ఆ కాలమ్ మాత్రం నల్ నల్ నల్. డవ్‌ఏడీఎం (డవ్‌కాట్ సొంత కమాండ్) ఆథ్ టెస్ట్ పదిసార్లు కొట్టి చూసినా. యాడ తప్పింది?

ఉగ్గాని_బజ్జి
పెన్నలో నీళ్లకి ఎదురు చూసినట్ల చూస్తాండావు ఆ కాలమ్ వైపు.

అనంత_రూట్
మొదట ఆ ఆథ్ టెస్ట్ మానేయప్పా. అది పాస్‌వర్డు సరిపోయిందా లేదా అని ఆథ్ ప్రాసెస్‌ని అడిగి వచ్చేస్తుంది, అంతే. ప్లగిన్ ఉండేది ఐమాప్ (మెయిల్ చదివే ప్రోటోకాల్) ప్రాసెస్‌లో. వెయ్యిసార్లు కొట్టినా టేబుల్లో ఏమీ పడదు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఎస్_క్లయింట్‌తో 993కి పోయి లాగిన్ అవ్వు, లేదంటే థండర్‌బర్డ్ మెయిల్ యాప్‌లో ఒక ఐడీ పెట్టుకో. తర్వాత మెయిల్ లాగ్‌లో 'డిక్ట్' (డవ్‌కాట్ తరఫున డేటాబేస్‌లో రాసే భాగం) అనే మాట వెదికి ఏముందో ఇక్కడ పెట్టు. లాగ్ చూడకుండా ఊహించడం దండగ.

కొండారెడ్డి_బురుజు
@అనంత_రూట్ లాగ్ నిండా ఇదే అన్నా: /రన్/డవ్‌కాట్/డిక్ట్ సాకెట్‌కి కనెక్ట్ కాలేదు, పర్మిషన్ డినైడ్. ప్రతి లాగిన్‌కీ ఒకటి.

గండికోట_గేట్‌వే
ఊహించిందే. లాగిన్ అయినాక ఐమాప్ ప్రాసెస్ నడిచేది వీమెయిల్ (మెయిల్ ఫైళ్ల ఓనర్) యూజరు కింద. డిక్ట్ సాకెట్ డిఫాల్టుగా 0660, డవ్‌కాట్ వాళ్లది. వీమెయిల్ ఆ గ్రూపులో లేడు, కాబట్టి గడప దాటనివ్వలా. 10-మాస్టర్ ఫైల్లో సర్వీస్ డిక్ట్ అనే బ్లాకు ఉంటుంది. దాని లోపల యూనిక్స్_లిజనర్ డిక్ట్ కింద మోడ్ = 0600, యూజర్ = వీమెయిల్ పెట్టు. ఐడీలన్నీ ఒకే యూఐడీ కింద ఉంటేనే ఇది. ఒక్కో ఐడీకి ఒక్కో సిస్టమ్ యూజరు ఉంటే ఉమ్మడి గ్రూపు పెట్టి 0660 ఇవ్వాల.

అది తెరుచుకున్నాక రెండో తలుపు. డిక్ట్ ప్రాసెస్ డవ్‌కాట్ యూజరుగా నడుస్తుంది. డేటాబేస్ పాస్‌వర్డు రాసిన డవ్‌కాట్-డిక్ట్-ఎస్‌క్యూఎల్ ఫైలును అదే చదవాల. 0600 రూట్ పెట్టి ఉంటే మళ్లీ డినైడ్. ఓనర్ రూట్, గ్రూపు డవ్‌కాట్, 0640 చెయ్.

హంద్రీ_లాగ్స్
డవ్‌కాట్-మైఎస్‌క్యూఎల్ ప్యాకేజీ ఉందా? ప్లగిన్ మామూలు డవ్‌కాట్‌తోనే వస్తుంది గానీ డేటాబేస్ డ్రైవరు విడి ప్యాకేజీ.

అనంత_రూట్
పాస్‌వర్డులు డేటాబేస్ నుంచే చదువుతాంటే అది ఉన్నట్టే కదా.

కొండారెడ్డి_బురుజు
ఉంది. రెండు పర్మిషన్లూ సరిచేస్తి. ఆ ఎర్రర్ పోయింది, కొత్తది వచ్చింది: ఇన్సర్ట్ కమాండ్ డినైడ్, 1142.

పెన్నా_పోర్ట్
హహ, మూడో తలుపు. డిక్ట్ ఫైల్లో పాస్‌వర్డులు చదివే డీబీ యూజర్నే పెట్టినావు గదా? వాడికి సెలెక్ట్ ఒక్కటే ఉంటుంది, ఉండాల్సింది కూడా అంతే. వాడి హక్కులు పెంచొద్దు. లాస్ట్ లాగిన్ కోసం వేరే డీబీ యూజర్ని చెయ్, ఆ ఒక్క టేబుల్ మీద సెలెక్ట్, ఇన్సర్ట్, అప్‌డేట్ ఇయ్. డిలీట్ అక్కర్లేదు.

కొండారెడ్డి_బురుజు
అది కూడా చేసినా. ఇప్పుడు 1364. పాస్‌వర్డ్ ఫీల్డుకి డిఫాల్ట్ విలువ లేదంట. నేను పాస్‌వర్డ్ ఫీల్డు జోలికే పోలేదే!

గండికోట_గేట్‌వే
ఇదే అసలు తప్పు. కాసేపు కూర్చొని చదువు.

డవ్‌కాట్ డిక్ట్ నువ్వనుకున్నట్టు 'అప్‌డేట్' రాయదు. 'ఇన్సర్ట్, ఆన్ డూప్లికేట్ కీ అప్‌డేట్' రాస్తుంది. అంటే ముందు కొత్త వరస పెట్టడానికే చూస్తుంది, ఆ కీ ఇదివరకే ఉంటేనే కాలమ్ మారుస్తుంది. ఆ ఇన్సర్ట్‌లో ఉండేవి రెండే: యూజర్‌నేమ్, టైము. మీ మెయిల్‌బాక్స్ టేబుల్లో పాస్‌వర్డ్ కాలమ్ నాట్ నల్, డిఫాల్ట్ లేదు. స్ట్రిక్ట్ మోడ్‌లో (తప్పు విలువల్ని డీబీ ఒప్పుకోని తీరు) ఆ వరస ముందే ఉన్నా సరే 1364 వస్తుంది.

స్ట్రిక్ట్ మోడ్ తీసేస్తే పోతుంది గదా అని ఎవరో ఒకరు అంటారు, అనకముందే చెప్తాండా. తీస్తే ఇంకా చెడు. కీలో వచ్చిన పేరుకీ టేబుల్లో ఉన్న పేరుకీ ఒక్క అక్షరం తేడా ఉంటే, ఖాళీ పాస్‌వర్డుతో ఒక దొంగ వరస మీ యూజర్ల టేబుల్లో పుట్టుకొస్తుంది. లాగిన్లు నడిచే టేబుల్లో ఇంకో ప్రాసెస్ చేత ఇన్సర్ట్ చేయించడం నాకు అస్సలు ఇష్టం లేదు.

లాస్ట్_లాగిన్ అని విడిగా టేబులు చెయ్:
యూజర్‌నేమ్, వార్‌చార్ 255, ప్రైమరీ కీ.
ఐమాప్, బిగ్‌ఇంట్, నల్ కావచ్చు.
పాప్3 (మెయిల్ దించుకునే ఇంకో ప్రోటోకాల్), బిగ్‌ఇంట్, నల్ కావచ్చు.
అంతే. నీ మెయిల్‌బాక్స్ టేబుల్లో పెట్టిన కాలమ్ తీసెయ్.

కారందోశ_25
ఐడీ అని ఆటో ఇంక్రిమెంట్ కాలమ్ కూడా పెట్టాలనిపిస్తుంది అలవాటు చొప్పున. పెట్టొద్దు. ఆన్ డూప్లికేట్ అయినా ఇన్నోడీబీ ప్రతిసారీ ఒక నంబరు మింగేస్తుంది. వరసలు 340 ఉంటాయి, తర్వాతి నంబరు లక్షల్లో ఉంటుంది.

కొండారెడ్డి_బురుజు
బిగ్‌ఇంట్ ఏంటికి? డేట్‌టైమ్ పెడితే చదవడానికి బాగుంటుంది గదా.

పెన్నా_పోర్ట్
ప్లగిన్ రాసేది యూనిక్స్ సెకండ్లు, 1735689600 లాంటి అంకె. డేట్‌టైమ్ కాలమ్‌లో దాన్ని తోస్తే 1292, తేదీ తప్పు అంటుంది. ఇంట్ పెడితే 2147483647 దాకానే, అంటే 2038 జనవరి 19 వరకే. ఇంకో సంగతి, లాస్ట్_లాగిన్_ప్రెసిషన్‌ని ఎవరైనా మిల్లీసెకండ్లకి మారిస్తే ఇంట్ ఈరోజే పొంగిపోతుంది. బిగ్‌ఇంట్ పెట్టి మర్చిపో. చదవడానికి ఒక వ్యూ చేసుకో, అందులో ఫ్రమ్_యూనిక్స్‌టైమ్ వాడు.

హంద్రీ_లాగ్స్
ఆ ఫ్రమ్_యూనిక్స్‌టైమ్ డీబీ సెషన్ టైమ్‌జోన్ చూసుకుంటుంది. పైన పెన్నా చెప్పిన 1735689600, జోన్ యూటీసీలో ఉంటే 2025 జనవరి 1 అర్ధరాత్రి అని చూపిస్తుంది, మనకు అది ఉదయం 5:30. 'రాత్రి పన్నెండుకి ఎవరు తెరిచినారు' అని గొడవ పెట్టుకోకండి. సెషన్‌లో +05:30 పెట్టి చూడండి.

అనంత_రూట్
ఐమాప్, పాప్3 విడివిడి కాలమ్‌లు కావాలంటే కీలో సర్వీసు పేరు రావాల. లాస్ట్_లాగిన్_కీ = లాస్ట్-లాగిన్/%ఎస్/%యూ (%ఎస్ సర్వీసు పేరు, %యూ యూజర్ పేరు). డిక్ట్ ఫైల్లో రెండు మ్యాప్‌లు:

ప్యాటర్న్ = షేర్డ్/లాస్ట్-లాగిన్/ఐమాప్/$యూజర్, టేబుల్ = లాస్ట్_లాగిన్, వాల్యూ_ఫీల్డ్ = ఐమాప్, వాల్యూ_టైప్ = యూఇంట్, ఫీల్డ్స్ లోపల యూజర్‌నేమ్ = $యూజర్.

రెండోది అదే, ఐమాప్ ఉన్న రెండు చోట్లా పాప్3.

కీలో 'షేర్డ్' రాయం, ప్యాటర్న్‌లో మాత్రం రాయాల. ఆ మాట వదిలేస్తే లాగ్‌లో 'ఇన్‌వ్యాలిడ్/అన్‌మ్యాప్డ్ కీ' అని వస్తుంది. సగం మంది పడేది ఇక్కడే. ఇంక లాస్ట్_లాగిన్_డిక్ట్ = ప్రాక్సీ::ఎస్‌క్యూఎల్ ఉందా? డిక్ట్ బ్లాకులో ఎస్‌క్యూఎల్ = మైఎస్‌క్యూఎల్: అని మొదలుపెట్టి ఆ ఫైలు దారి ఉందా? ఆ రెండు చోట్లా 'ఎస్‌క్యూఎల్' అన్న పేరు ఒకటే ఉండాల.

ఉగ్గాని_బజ్జి
ఇదంతా తెలుగు అక్షరాల్లోనే కాపీ కొట్టి సర్వర్లో పేస్ట్ చేసేవాళ్లు ఉంటారు, చూస్తాండండి.

కారందోశ_25
@ఉగ్గాని_బజ్జి డవ్‌కాట్ దానికి ఇచ్చే ఎర్రరు కూడా తెలుగులో వస్తే బాగుండు.

గండికోట_గేట్‌వే
ఇంకొకటి, ప్లగిన్ ఎక్కడ ఎక్కించినావు? 10-మెయిల్‌లో ఉండే ఉమ్మడి మెయిల్_ప్లగిన్స్ లైన్లో పెడితే ఎల్‌ఎమ్‌టీపీకి (వచ్చిన మెయిల్‌ని పెట్టెలో వేసేది) కూడా ఎక్కుతుంది. అప్పుడు మెయిల్ వచ్చి పడిన ప్రతిసారీ డెలివరీని లాగిన్‌గా రాయబోతుంది. నీ మ్యాప్‌లో ఎల్‌ఎమ్‌టీపీ లేదు కాబట్టి ఎర్రర్లు, అనంత_రూట్ చెప్పిన %ఎస్ లేకుండా ఉత్త %యూ పెట్టి ఉంటే స్పామ్ వచ్చే ప్రతి ఐడీ 'ఈరోజే లాగిన్' అని కనపడేది. ప్రోటోకాల్ ఐమాప్ బ్లాకులో, ప్రోటోకాల్ పాప్3 బ్లాకులో మాత్రమే పెట్టు. మెయిల్_ప్లగిన్స్ = $మెయిల్_ప్లగిన్స్ లాస్ట్_లాగిన్ అని. ముందున్న ఆ డాలర్ మాట వదిలేస్తే కోటా లాంటివన్నీ ఊడిపోతాయి.

కొండారెడ్డి_బురుజు
పడింది!! విడి టేబులు, రెండు మ్యాప్‌లు, డవ్‌ఏడీఎం రీలోడ్. థండర్‌బర్డ్ తెరిస్తే వరస వచ్చింది. అందరికీ ఉగ్గాని నా లెక్కలో. ఇంక 180 రోజులు ఆగి లిస్టు తీస్తా.

తుంగభద్ర_తూము
ఇంత తిప్పలెందుకు? పోస్ట్-లాగిన్ స్క్రిప్టు పెట్టుకుంటే నాలుగు లైన్లు. సర్వీస్ ఐమాప్‌లో ఎగ్జిక్యూటబుల్ = ఐమాప్ ఐమాప్-పోస్ట్‌లాగిన్, స్క్రిప్టులో మైఎస్‌క్యూఎల్ కమాండ్, చివర్లో ఎగ్జెక్ "$@". ఐపీ కూడా దొరుకుతుంది, ప్లగిన్‌తో అది రాదు.

అనంత_రూట్
@తుంగభద్ర_తూము ఐపీ వస్తుంది, ఒప్పుకుంటా. కానీ ప్రతి లాగిన్‌కీ ఒక షెల్లు, ఒక మైఎస్‌క్యూఎల్ క్లయింటు, ఒక కొత్త డీబీ కనెక్షన్ పుడతాయి. డీబీ నిదానిస్తే లాగిన్ కూడా నిదానిస్తుంది. చివరి ఎగ్జెక్ లైను తప్పితే ఎవరికీ మెయిల్ తెరుచుకోదు. యూజర్ పేరును తెచ్చి నేరుగా ఎస్‌క్యూఎల్ వాక్యంలో అతికిస్తే ఇంజెక్షన్‌కి నువ్వే తలుపు తీసినట్టు. ప్లగిన్ అయితే రాత విఫలమైనా లాగ్‌లో ఎర్రర్ వేసి ఊరుకుంటుంది, లాగిన్ ఆగదు. పైన కొండారెడ్డి ఎర్రర్లు తింటాంటే కూడా కాలేజీ మెయిల్ నడిచింది చూడు.

తుంగభద్ర_తూము
50 ఐడీలకి ఏమీ కాదులే.

హంద్రీ_లాగ్స్
రౌండ్‌క్యూబ్ (బ్రౌజర్లో మెయిల్ చూసేది) ఉంటే 50కి కూడా అవుతుంది. రౌండ్‌క్యూబ్ ప్రతి రిక్వెస్టుకీ ఐమాప్‌లో కొత్తగా లాగిన్ అవుతుంది. ట్యాబ్ తెరిచి పెట్టి టీకి పోయినా డిఫాల్టుగా 60 సెకండ్లకి ఒకసారి రిఫ్రెష్. 8 గంటల ఆఫీసుకి ఒక ట్యాబ్ 480 లాగిన్లు. 40 ట్యాబులైతే 19,200. ఇంకా ఎవరూ ఒక్క మెయిల్ కూడా చదవలేదు. థండర్‌బర్డ్ ఒక్కటే ఐదు కనెక్షన్ల దాకా తెరుస్తుంది, ప్రతిదీ ఒక లాగిన్. ఇన్నిసార్లు షెల్లు పుట్టించడం దండగే కదా.

తుంగభద్ర_తూము
సరే ఇది నిజమే. స్క్రిప్టు వెనక్కి తీసుకుంటాండా.

హంద్రీ_లాగ్స్
అసలు ఈ లెక్కలో కొండారెడ్డి చూసుకోవాల్సింది వేరే ఉంది. ఈ కాలమ్ చెప్పేది 'ఒక యంత్రం వచ్చి తలుపు తట్టింది' అని మాత్రమే. రిటైరైన సారు పాత ఫోను ఇంట్లో అల్మారాలో చార్జింగులో ఉంటే, అది పదిహేను నిమిషాలకోసారి మెయిల్ అడుగుతూనే ఉంటుంది. టేబుల్లో ఆ సారు రోజూ వస్తాండాడు. మనిషి తెరిచినాడా అన్నదానికి దగ్గరగా ఉండేది రౌండ్‌క్యూబ్ సొంత డేటాబేస్. దాని యూజర్స్ టేబుల్లో లాస్ట్_లాగిన్ కాలమ్ ఉంది, ఫారంలో పాస్‌వర్డు కొట్టి లోపలికి వచ్చినప్పుడే అది మారుతుంది. రిఫ్రెష్‌లకి మారదు. రెండూ పక్కపక్కన పెట్టి చూడు.

కారందోశ_25
దీనికి తిరగేసిన కథ కూడా ఉంది. ఎస్‌ఎమ్‌టీపీ (మెయిల్ పంపే ప్రోటోకాల్) మాత్రమే వాడే ఐడీలు. స్కానరు, యూపీఎస్, ఫీజుల సాఫ్ట్‌వేరు రసీదులు పంపే ఐడీ. ఇవి ఐమాప్‌కి రావు, పోస్ట్‌ఫిక్స్ వీటి పాస్‌వర్డును డవ్‌కాట్ ఆథ్‌ని అడిగి పంపించేస్తుంది. లాస్ట్ లాగిన్ టేబుల్లో వీటికి వరసే ఉండదు. 'ఎప్పుడూ రాలేదు' అని తీసేస్తే పరీక్ష ఫీజుల టైములో రసీదులు ఆగుతాయి, అప్పుడు ఫోన్లు ఎవరికి వస్తాయో చెప్పక్కర్లేదు.

కొండారెడ్డి_బురుజు
అమ్మో. ఫీజుల ఐడీ నిజంగానే ఉంది. దాన్ని ఎట్ల పట్టుకోవాల?

పెన్నా_పోర్ట్
పాస్‌వర్డ్ క్వెరీలోనే టైము రాసేస్తే సరి అనే ఉపాయం కొందరు చెప్తారు. వద్దు. ఆ క్వెరీ పాస్‌వర్డు సరిచూసే ముందే నడుస్తుంది, అంటే బయటినుంచి తప్పు పాస్‌వర్డులు తోసేవాడు కూడా 'లాగిన్' అవుతాడు. ఆథ్ క్యాష్ పెట్టి ఉంటే ఉల్టా, నిజమైన లాగిన్‌కి క్వెరీయే నడవదు.

కారందోశ_25
ఊరికే చూడాలంటే లాగ్‌లో సాస్ల్_యూజర్‌నేమ్= అని గ్రెప్ కొట్టు, ఎవరెవరు పంపుతాండారో వచ్చేస్తుంది. ఉబుంటులో మెయిల్ లాగ్ మామూలుగా వారానికొకసారి తిరిగి నాలుగు వారాలే నిలుస్తుంది, కాబట్టి ఇప్పుడే 26కి పెంచుకో.

డేటాబేస్‌లోనే కావాలంటే పోస్ట్‌ఫిక్స్ పాలసీ సర్వీసు (మెయిల్ పంపనివ్వాలా అని పోస్ట్‌ఫిక్స్ అడిగే ప్రోగ్రాం) రాయాల. పైథాన్‌లో చిన్నది చాలు. వచ్చిన లైన్లలో సాస్ల్_యూజర్‌నేమ్ తీసుకొని టేబుల్లో మూడో కాలమ్, ఎస్‌ఎమ్‌టీపీ, రాయడం, తిరిగి 'యాక్షన్=డన్నో' అని చెప్పి ఒక ఖాళీ లైను. ఖాళీ లైను మరిస్తే పోస్ట్‌ఫిక్స్ అట్లే ఎదురు చూస్తాంటుంది. మాస్టర్ ఫైల్లో సబ్మిషన్ కింద చెక్_పాలసీ_సర్వీస్‌ని పర్మిట్_సాస్ల్_అథెంటికేటెడ్ కంటే ముందు పెట్టాల. వెనక పెడితే అక్కడికి ఎవరూ రారు, లాగిన్ అయినవాళ్లని అప్పటికే పంపించేసి ఉంటుంది. మీ స్క్రిప్టు పడిపోతే డిఫాల్టుగా 451 ఇచ్చి మెయిళ్లు ఆపుతుంది. పోస్ట్‌ఫిక్స్ 3.0 నుంచి ఆ సర్వీసుకి డిఫాల్ట్_యాక్షన్=డన్నో అని పెట్టుకోవచ్చు, లెక్క పోయినా మెయిల్ పోకూడదు.

గండికోట_గేట్‌వే
@కొండారెడ్డి_బురుజు 180 రోజులు ఆగుతానన్నావు, డిస్కు ఆగుతుందా 91 మీద? మీది మెయిల్‌డిర్ (ఒక్కో మెయిల్ ఒక్కో ఫైలు) అయితే పాత సంగతి ఇప్పుడే తెలుసుకోవచ్చు. ఎల్‌ఎమ్‌టీపీ కొత్త మెయిల్‌ని 'న్యూ' ఫోల్డర్లో వేస్తుంది. ఎవరైనా ఐమాప్‌లోనో పాప్‌లోనో ఇన్‌బాక్స్ తెరిచినప్పుడు డవ్‌కాట్ దాన్ని 'కర్'కి జరుపుతుంది. కాబట్టి న్యూలో 180 రోజులు దాటిన ఫైలు ఇంకా కూర్చొని ఉందంటే, అది వచ్చినప్పటి నుంచి ఆ ఇన్‌బాక్స్ ఎవరూ తెరవలేదు. ఫైండ్‌లో దారి */న్యూ/*, టైప్ ఎఫ్, ఎమ్‌టైమ్ +180. ఇన్‌బాక్స్ న్యూ మాత్రమే చూడు, చుక్కతో మొదలయ్యే లోపలి ఫోల్డర్లు లెక్కలోకి తీసుకోవద్దు. ఇన్‌బాక్స్ రోజూ చూసేవాడు కూడా జంక్ ఫోల్డరు ఏడాదిగా తెరవకపోవచ్చు.

కొండారెడ్డి_బురుజు
ఇది అదిరింది అన్నా. ఇప్పుడే కొట్టి చూస్తి: 340లో 57.

అనంత_రూట్
57ని లాస్ట్_లాగిన్‌తో కలిపి చూడాలంటే మెయిల్‌బాక్స్ టేబుల్ ఎడమ పక్కన పెట్టి లెఫ్ట్ జాయిన్ చెయ్. ఉత్త జాయిన్ చేస్తే అసలు ఎప్పుడూ రానివాళ్లు లిస్టులోంచే మాయం, వాళ్లకి వరస ఉండదు గదా. నీకు కావలసింది వాళ్లే. షరతు: మూడు కాలమ్‌లలో గ్రేటెస్ట్ తీసుకో, కానీ ఒక్కటి నల్ అయినా గ్రేటెస్ట్ మొత్తం నల్ ఇస్తుంది. ప్రతి కాలమ్‌కీ కోయలెస్ పెట్టి 0 ఇయ్.

పెన్నా_పోర్ట్
పేర్లు కలుస్తాయో లేదో కూడా చూసుకో. డవ్‌కాట్ డిఫాల్టుగా యూజర్ పేరును చిన్న అక్షరాలు చేస్తుంది. డొమైన్ లేకుండా ఉత్త పేరుతో లాగిన్ అయ్యేవాళ్లుంటే ఆథ్_డిఫాల్ట్_రెల్మ్ పెట్టి ఉండాల, లేకుంటే కీలో ఉత్త పేరే వచ్చి జాయిన్‌లో కలవదు.

హంద్రీ_లాగ్స్
బ్యాకప్ ఎట్ల తీస్తారు? మాస్టర్ యూజర్‌తో ఐమాప్‌సింక్ నడిపేట్టయితే ఒక్క రాత్రిలో 340 ఐడీలకీ ఆరోజు తేదీ పడిపోతుంది. డవ్‌ఏడీఎం బ్యాకప్ అయితే ఐమాప్ లాగిన్ కాదు, టేబులు కదలదు.

కొండారెడ్డి_బురుజు
డవ్‌ఏడీఎం బ్యాకప్పే. బతికిపోతి.

కారందోశ_25
రెండు డీబీలు మాస్టర్, రెప్లికా ఉన్నవాళ్లు డిక్ట్‌ని మాస్టర్ వైపే చూపించండి. చదవడానికి మాత్రమే ఉన్న రెప్లికా మీద ఇన్సర్ట్ ఎట్లా పడదు. డెబియన్ 13కి పోయేవాళ్లకి: అక్కడ డవ్‌కాట్ 2.4. పైన రాసుకున్న 2.3 కాన్ఫిగ్‌తో అది లేవదు. ఫైలు మొదట్లో డవ్‌కాట్_కాన్ఫిగ్_వెర్షన్ లైను అడుగుతుంది, డిక్ట్ మ్యాప్‌లు రాసే తీరు కూడా మారింది.

తుంగభద్ర_తూము
57 డిలీట్ కొట్టేసి డిస్కు ఖాళీ చేసుకో ఇంక.

గండికోట_గేట్‌వే
ఆగు సామీ. డిలీట్ ముందు ఆ 57లో సీవ్ (మెయిల్ ఫిల్టరు) ఫైల్లో రీడైరెక్ట్ ఉన్నవి ఎన్నో గ్రెప్ కొట్టి చూడు. కాపీ ఇక్కడ పెట్టి జీమెయిల్‌కి పంపుకునేవాళ్లు ఉంటారు. వాళ్లు ఇక్కడ ఎప్పటికీ లాగిన్ కారు, న్యూ ఫోల్డరు నిండుతూనే ఉంటుంది, కానీ ఐడీ వాడకంలోనే ఉంది. మిగిలినవాటికి మొదట మెయిల్‌బాక్స్ టేబుల్లో యాక్టివ్ = 0 చెయ్, మెయిల్‌డిర్ ముట్టుకోవద్దు. నెల రోజుల్లో ఎవరూ అడగకపోతే డవ్‌ఏడీఎం బ్యాకప్‌తో వేరే డిస్కుకి తీసి, అప్పుడు ఇక్కడ తుడువు. ఒకటి గుర్తు పెట్టుకో, యాక్టివ్ 0 చేస్తే ఆ ఐడీకి వచ్చే మెయిళ్లు కూడా బౌన్స్ అవుతాయి. అది వద్దనుకుంటే ఐమాప్, పాప్ లాగిన్లు మాత్రమే ఆపే కాలమ్ వేరుగా పెట్టి పాస్‌వర్డ్ క్వెరీలో చూడు.

కొండారెడ్డి_బురుజు
గ్రెప్ కొట్టినా. 57లో 11కి రీడైరెక్ట్ ఉంది, అందులో ఒకటి లిస్టు అడిగిన సారుదే. ఫీజుల ఐడీ 57లో లేదు, దానికి అసలు మెయిలే రాదు, న్యూ ఖాళీ. పాలసీ స్క్రిప్టు రాసి ఎస్‌ఎమ్‌టీపీ కాలమ్ నిండినాక 46కి యాక్టివ్ 0 పెడ్తా.

ఉగ్గాని_బజ్జి
ఆ సారు ఐడీతో మొదలుపెట్టాల్సింది.